ఏ తరం బండ ఆ తరానిదే: పురుషుల టెన్నిస్ దిగ్గజాల పోలికపై సమీక్ష

జకోవిచ్ 24, నాదల్ 22, ఫెదరర్ 20, సంప్రాస్ 14. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్ల వరస ఇది. ఈ నాలుగు అంకెలు చదివి, పురుషుల టెన్నిస్‌లో ఎవరు గొప్ప అన్న చర్చ ఇక అయిపోయిందనేవాళ్లు ప్రొద్దుటూరులోనూ ఉన్నారు, పులివెందులలోనూ ఉన్నారు. మా వైపు రాకెట్ చేతబట్టినవాళ్లు తక్కువే కానీ, టీవీలోనో ఫోన్‌లోనో ఆట చూసి గట్టిగా వాదించేవాళ్లకు కొదవ లేదు.

జమ్మలమడుగు చుట్టుపక్కల తిరునాళ్లలో బండలాగుడు పందేలు చూసినవాళ్లకు మాత్రం ఈ లెక్క అంత తేలిగ్గా మింగుడుపడదు. అక్కడ ముందు ఎద్దుల పళ్లు చూస్తారు. పాలపళ్ల జత వేరు, రెండు పళ్ల జత వేరు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్ జతలు వేరు. ఏ విభాగానికి ఆ బరువు బండ. నిర్ణీత సమయంలో జత ఎన్ని అడుగులు లాగిందో టేపు పట్టి కొలుస్తారు. ఎవరైనా వచ్చి తన జత ఇన్ని అడుగులు లాగిందని చెబితే, పక్కనున్న రైతు అడిగే మొదటి మాట "ఏ బండ?" అనే. ఎద్దుల విషయంలో మనం మరవని ఆ ప్రశ్నను టెన్నిస్ వీరుల దగ్గరికొచ్చేసరికి మరిచిపోతున్నాం. ఒక్కొక్కరు లాగిన దూరం రికార్డుల్లో ఉంది. లాగిన బరువు మాత్రం మనమే వెతుక్కోవాలి.

రాడ్ లేవర్‌తో మొదలుపెడదాం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ మనిషి, ఎడమచేతి వాటం, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. 1962లో ఒకే ఏడాది నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ గెలిచాడు. ఆ వెంటనే ప్రొఫెషనల్‌గా మారాడు. ఆ రోజుల్లో గ్రాండ్‌స్లామ్‌లు అమెచ్యూర్లకే. ఆడి డబ్బు తీసుకున్నవాడికి వింబుల్డన్ గేటు మూసేసేవారు. అలా 1963 నుంచి 1967 దాకా, 24 నుంచి 29 ఏళ్ల మధ్య, ఆటగాడికి ఒళ్లు బాగా సహకరించే వయసులో, లేవర్ ఒక్క గ్రాండ్‌స్లామ్ కూడా ఆడలేదు. ఏడాదికి నాలుగు చొప్పున 20 టోర్నీలు చేజారాయి. 1968లో గేట్లు తెరుచుకున్నాయి. ఆ ఏడు వింబుల్డన్ గెలిచాడు. 1969లో మళ్లీ నాలుగూ గెలిచాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా మరే పురుషుడూ ఒకే ఏడాది ఆ నాలుగూ గెలవలేదు. లెక్కల పుస్తకంలో మాత్రం అతని పేరు పక్కన ఉన్నది 11.

అయితే లేవర్ బండను ఉన్నదానికంటే బరువు చేసి చూపడమూ తగదు. 1962లో అతను గెలిచినప్పుడు ఎదురు నిలవాల్సిన రోజ్‌వాల్, హోడ్, పాంచో గొంజాలెజ్‌లు అప్పటికే ప్రొఫెషనల్స్‌లో చేరి గేటు బయట ఉన్నారు. 1963లో లేవర్ వాళ్లలో చేరినప్పుడు మొదట్లో రోజ్‌వాల్, హోడ్‌ల చేతిలో వరసగా దెబ్బలు తిన్నాడు. పైగా ఆనాటి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో మూడు పచ్చిక కోర్టుల మీదే. అందుకే 1962 టైటిళ్లను కాస్త తగ్గించి, 1969 టైటిళ్లను పూర్తి బరువుతో లెక్కించడం న్యాయం. రాయ్ ఎమర్సన్ 12 టైటిళ్లకూ ఇదే తూకం వర్తిస్తుంది. అవన్నీ ప్రొఫెషనల్స్ లేని కాలంలో వచ్చినవే.

నన్నడిగితే టైటిళ్ల లెక్క వల్ల ఎక్కువ నష్టపోయినవాడు లేవర్ కాదు, కెన్ రోజ్‌వాల్. 1953లో 18 ఏళ్ల వయసులో మొదటి గ్రాండ్‌స్లామ్, 1972లో 37 ఏళ్ల వయసులో ఆఖరిది. మధ్యలో 11 సీజన్లు ప్రొఫెషనల్ అయినందుకు దూరమయ్యాడు. అతని ఖాతాలో మిగిలినవి 8. 39 ఏళ్ల వయసులో, 1974లో, వింబుల్డన్, యూఎస్ ఓపెన్ ఫైనల్స్ రెండూ ఆడాడు. గొప్పవాళ్ల జాబితాలు తయారుచేసే ఈ తరంవాళ్లకు అతని పేరే గుర్తుండదు.

1970లకొస్తే బండ మళ్లీ మారుతుంది. బ్యోర్న్ బోర్గ్ తన కెరీర్ మొత్తంలో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఒక్కసారే ఆడాడు, 1974లో. దూరం ఎక్కువ, ప్రైజ్ మనీ తక్కువ, పండుగల రోజులు. పెద్ద ఆటగాళ్లలో చాలామంది అటు తొంగిచూసేవాళ్లే కాదు. ఆ ఏడే ఆ టైటిల్ గెలిచిన జిమ్మీ కానర్స్‌ను, వరల్డ్ టీమ్ టెన్నిస్‌లో చేరాడన్న కారణంతో ఫ్రెంచ్ ఓపెన్ ఆడనివ్వలేదు. వింబుల్డన్, యూఎస్ ఓపెన్ రెండూ అతనే గెలిచాడు. గ్రాండ్‌స్లామ్‌లు పోగేయాలన్న ఆరాటం అప్పటివాళ్లకు ఇప్పటంతగా లేదు. ఎమర్సన్ 12 మీద సంప్రాస్ కన్నుపడ్డాకే ఆ అలవాటు గట్టిపడిందని నా నమ్మకం. వాళ్లు ఆడని పరీక్షకు ఇప్పుడు మార్కులు వేసి తక్కువ చేయడం సబబు కాదు.

బోర్గ్ చేసిన అసలు ఘనకార్యం 11 అంకెలో కనిపించదు. 1978, 1979, 1980 మూడేళ్లూ వరసగా ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి, కొద్ది వారాల్లోనే వింబుల్డన్ కూడా గెలిచాడు. ఆనాడు ఆ రెండు కోర్టుల మధ్య తేడా ఇప్పటిలా కాదు. ఎర్రమట్టి మీద బంతి భుజం ఎత్తుకు లేచి నెమ్మదిగా వచ్చేది. పచ్చిక మీద మోకాలి కిందుగా జారిపోయేది. ఒకచోట గంటల తరబడి వెనక నిలబడి కొట్టాలి, రెండోచోట సర్వీస్ చేసి నెట్ దగ్గరికి పరుగెత్తాలి. చేతిలో చెక్క రాకెట్. మూడేళ్లు వరసగా ఆ జంట టైటిళ్లు గెలిచినవాడు ఆ తర్వాత మరొకడు రాలేదు. 26 ఏళ్లకే బోర్గ్ ఆట మానేశాడు. ఇంకో అయిదేళ్లు ఆడివుంటే అన్న ఊహలను మాత్రం లెక్కలోకి తీసుకోకూడదు. లేవర్‌ను వ్యవస్థ ఆపింది. బోర్గ్ తనంతట తాను ఆగాడు.

సంప్రాస్ దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. వింబుల్డన్ ఏడుసార్లు, వరసగా ఆరేళ్లు ఏడాది ముగింపులో నంబర్‌వన్. ఫ్రెంచ్ ఓపెన్‌లో ఫైనల్ కూడా చూడలేదు. అదే కాలంలో అగస్సీ గెలిచినవి 8 మాత్రమే అయినా నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ, 1996 ఒలింపిక్ స్వర్ణమూ అతనివి. పచ్చిక మీద సంప్రాస్‌కు సాటి లేదు. అన్ని నేలల మీదా గట్టివాడు ఎవరంటే నేను అగస్సీ పేరే చెబుతాను.

2001 వింబుల్డన్ నాలుగో రౌండ్‌లో సంప్రాస్‌ను 19 ఏళ్ల ఫెదరర్ అయిదు సెట్లలో ఓడించాడు. కాలం మారిందనడానికి అందరూ ఆ మ్యాచ్‌నే చూపిస్తారు. నేను చూపించేది ఆ కోర్టులో గడ్డిని. ఆ రోజుల్లోనే వింబుల్డన్ పచ్చికను పూర్తిగా రై గడ్డికి మార్చారు. నేల గట్టిపడింది, బంతి లేవడం ఎక్కువైంది. అంతకుముందే, 1997లో, బ్రెజిల్ కుర్రాడు కుయెర్టెన్ పాలిస్టర్ తీగల రాకెట్‌తో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి ఇంకో దారి తెరిచాడు. ఆ తీగలతో ఎంత బలంగా కొట్టినా బంతి గిర్రున తిరుగుతూ గీత లోపలే పడుతుంది. ఈ రెండూ కలిసేసరికి వెనక గీత దగ్గర నిలబడి ఆడేవాడికి ప్రపంచమంతా ఒకే కోర్టయింది. 2002 వింబుల్డన్ ఫైనల్ ఆడిన హెవిట్, నల్బాండియన్ ఇద్దరూ అలాంటివాళ్లే. ఒకే ఆటతో నాలుగు చోట్లా గెలవడం సంప్రాస్ రోజుల్లో గగనం. ఫెదరర్, నాదల్, జకోవిచ్‌ల రోజుల్లో అది సాధ్యమైంది. ముగ్గురూ నాలుగు టైటిళ్లనూ అందుకున్నారు.

అంటే వాళ్ల బండ తేలికైందా? ఒక వైపు తేలికైంది, ఇంకో వైపు బరువెక్కింది. జకోవిచ్, నాదల్ తలపడింది 60 సార్లు. జకోవిచ్, ఫెదరర్ 50 సార్లు. నాదల్, ఫెదరర్ 40 సార్లు. ముగ్గురి మధ్యే 150 మ్యాచ్‌లు. ఏ కాలంలోనూ ముగ్గురు మహావీరులు ఇంతగా ఒకరి దారికి ఒకరు అడ్డం పడలేదు. వీళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా మిగతా ఇద్దరి అంకెలు ఎక్కడికో వెళ్లేవి.

ఈ వాదన ఒకసారి ప్రొద్దుటూరులో ఒక టీ అంగడి దగ్గర విన్నాను. ఫోన్‌లో స్కోరు చూస్తున్న కుర్రోడు "ఇరవై నాలుగు కంటే పెద్ద అంకె యాడుంది సార్?" అన్నాడు. పక్కన కూర్చున్న రిటైరైన అయ్యవారు తొందరపడలేదు. "అంకె సరే నాయనా. ఆ లేవర్‌ను అయిదేండ్లు గేటు బయట నిలబెట్టినారే, ఆ లెక్క ఎవురు కడతారు?" కుర్రోడు కాసేపు ఆలోచించి, "అయితే ఇద్దర్నీ ఆడినోడు ఎవుడన్నా ఉంటే వాన్ని అడగల్ల సార్" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

రెండు తరాలవాళ్లతోనూ ఆడిన సాక్షులు నిజంగానే ఉన్నారు, అందులో ఒకరు మన పక్క రాష్ట్రంవాడు. చెన్నైకి చెందిన విజయ్ అమృత్‌రాజ్ 1973 యూఎస్ ఓపెన్‌లో లేవర్‌ను ఓడించాడు. మరుసటి ఏడాది అదే టోర్నీలో బోర్గ్‌ను ఓడించాడు. అంతకుముందు తరంలో రామనాథన్ కృష్ణన్ 1960, 1961లో వరసగా వింబుల్డన్ సెమీస్ చేరి, మొదట నీల్ ఫ్రేజర్ చేతిలో, తర్వాత లేవర్ చేతిలో ఓడాడు. ఆ ఇద్దరూ ఆ ఏళ్లలో టైటిల్ గెలిచారు. ఇలా ఒక తరాన్ని ఇంకో తరానికి కలిపే గొలుసును పట్టుకుని పోవచ్చు. రోజ్‌వాల్‌ను కానర్స్ ఓడించాడు, కానర్స్‌ను అగస్సీ, అగస్సీని 2005 యూఎస్ ఓపెన్ ఫైనల్లో ఫెదరర్, ఫెదరర్‌ను 2019 వింబుల్డన్ ఫైనల్లో రెండు మ్యాచ్ పాయింట్లు కాచుకుని జకోవిచ్, జకోవిచ్‌ను 2023, 2024 వింబుల్డన్ ఫైనల్స్‌లో అల్కరాస్.

గొలుసు బాగానే ఉంది. కానీ రోజ్‌వాల్ నుంచి అల్కరాస్ దాకా ప్రతి లంకె దగ్గరా ఓడింది పెద్దవాడే. ఎప్పుడూ దిగిపోతున్నవాడు ఎక్కుతున్నవాడికి దొరుకుతాడు. లేవర్ అమృత్‌రాజ్ చేతిలో ఓడినప్పుడు అతనికి 35 ఏళ్లు. ఆ ఓటమి అతని వయసు గురించి చెబుతుందే తప్ప ఆట గురించి ఎక్కువ చెప్పదు. అందుకని ఈ గొలుసులో వెతకాల్సింది వెనక్కి తిరిగిన లంకెను. పెద్దవాడు, తన కాలం కాని కాలంలో, కొత్తవాడి బండను లాగి గెలిచిన సందర్భాన్ని.

అలాంటి లంకెలు ఒకరి దగ్గరే వరసగా దొరుకుతాయి. 2023 ఏటీపీ ఫైనల్స్ తుదిపోరులో సినర్‌ను ఓడించింది 36 ఏళ్ల జకోవిచ్. 2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్లో, అల్కరాస్ అంతకు రెండు నెలల ముందు ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన అదే ఎర్రమట్టి మీద, రెండు టైబ్రేక్‌లలో అతన్ని ఓడించి స్వర్ణం పట్టింది 37 ఏళ్ల జకోవిచ్. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్స్‌లో మళ్లీ అల్కరాస్‌ను ఓడించిందీ అతనే. 38 ఏళ్లు నిండిన ఆ ఏడాది నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ సెమీస్ చేరాడు. తనకంటే పెద్దవాడైన ఫెదరర్‌ మీద 27-23, సమఉజ్జీ నాదల్‌ మీద 31-29. నాదల్ ఎర్రమట్టి మీద 14 ఫ్రెంచ్ టైటిళ్లు గెలిచాడు. ఒకే నేల మీద అంత ఏకచ్ఛత్రాధిపత్యం ఇంకెవరికీ లేదు. కళ్లకు ఆనందం కావాలంటే నేనిప్పటికీ ఫెదరర్ పాత మ్యాచ్‌లే పెట్టుకుంటాను. కానీ మూడు తరాల బండలను లాగి చూపినవాడు ఒక్క జకోవిచే. నా తీర్పుకు ఆధారం 24 కాదు, ఇది. అతని పక్కన నిలబెట్టగలిగేది 1969 నాటి లేవర్‌నే.

ఇక ఎదుగుతున్నవాళ్లు. 2024, 2025లలో జరిగిన ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లను అల్కరాస్, సినర్ చెరి నాలుగు పంచుకున్నారు. 2025 చివరికి అల్కరాస్ ఖాతాలో 6, సినర్ ఖాతాలో 4. వాళ్ల స్థాయి ఏమిటో చెప్పడానికి 2025 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ చాలు. సినర్ రెండు సెట్లు గెలిచి, నాలుగో సెట్‌లో 5-3తో ముందున్నాడు. అల్కరాస్ సర్వీస్‌లో 0-40. మూడు మ్యాచ్ పాయింట్లు. అక్కడి నుంచి అల్కరాస్ ఒక్కొక్కటే కాచుకుని, ఆ సెట్ టైబ్రేక్‌లో గెలిచి, అయిదో సెట్ టైబ్రేక్‌ను 10-2తో ముగించాడు. 5 గంటల 29 నిమిషాలు. ఆ టోర్నీ చరిత్రలో అంత పొడవైన ఫైనల్ లేదు. నెల తిరగ్గానే వింబుల్డన్ ఫైనల్లో సినర్ అతన్ని ఓడించాడు. అంత దెబ్బ తిని అంత త్వరగా లేవడం నన్ను ఎక్కువ ఆకట్టుకుంది.

వాళ్లకు ఇంకా తేలని విషయం ఒకటుంది. ఫెదరర్, నాదల్, జకోవిచ్‌లకు ఎప్పుడూ ఒక మూడోవాడు అడ్డం ఉన్నాడు. వీళ్లిద్దరికీ ఆ మూడోవాడు ఇంకా రాలేదు. జ్వెరెవ్ ఫైనల్స్ దాకా వచ్చి ఆగిపోతున్నాడు. 2025 మయామి ఫైనల్లో జకోవిచ్‌ను ఓడించిన మెన్షిక్, బ్రెజిల్ కుర్రాడు ఫోన్సెకా వంటివాళ్లు ముదిరేదాకా వీళ్ల టైటిళ్ల బరువు ఇంతని చెప్పలేం.

ఆ ఎదుగుతున్నవాళ్ల వరసలో ఒక తెలుగు పేరూ ఉంది. 2025 జనవరి 13, భోగి పండుగ. మెల్‌బోర్న్‌లో రాడ్ లేవర్ పేరు పెట్టిన కోర్టులో జకోవిచ్‌కు మొదటి రౌండ్ ప్రత్యర్థి నిశేష్ బసవారెడ్డి. 19 ఏళ్లు. తల్లిదండ్రులు నెల్లూరు నుంచి అమెరికా వెళ్లినవాళ్లు. ఇండియానాలో పెరిగి, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి ఆడి, వైల్డ్‌కార్డ్‌తో మొదటిసారి గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలోకి వచ్చాడు. మొదటి సెట్ 6-4తో గెలిచాడు. అవతలి వైపు బాక్స్‌లో జకోవిచ్ కొత్త కోచ్‌గా ఆండీ ముర్రే. జకోవిచ్‌ను చూసే ఆట నేర్చుకున్నట్టు కనిపించే కుర్రాడు, అతని రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌కు అదే బ్యాక్‌హ్యాండ్‌తో జవాబిచ్చాడు. తర్వాత జకోవిచ్ ర్యాలీలు సాగదీశాడు. కుర్రాడి కాళ్లలో అలసట కనిపించింది. మిగతా మూడు సెట్లు 6-3, 6-4, 6-2తో పోయాయి. మ్యాచ్ అయ్యాక జకోవిచ్ నెట్ దగ్గర అతన్ని దగ్గరికి తీసుకున్నాడు.

దీనికి ఎనిమిదేళ్ల పైచిలుకు ముందు, 2016 యూఎస్ ఓపెన్‌లో, మన సాకేత్ మైనేని క్వాలిఫయింగ్ దాటి మెయిన్ డ్రాకు వచ్చి, చెక్ ఆటగాడు యిరీ వెసెలీతో అయిదు సెట్లు పోరాడాడు. ఆఖరి సెట్ 5-7. అక్కడా కాళ్లు పట్టేశాయి. ఇద్దరు తెలుగు బిడ్డలకూ షాట్లలో లోటు లేదు, ఆట సాగేకొద్దీ శరీరం అడ్డం తిరిగింది. నేటి బండ అసలు బరువు అక్కడుంది. లేవర్ కాలంలో ఉపాయం, మణికట్టు ఎక్కువ పని చేసేవి. ఇప్పుడు అయిదో గంటలో కూడా మొదటి గంటలా పరుగెత్తగల ఒళ్లు కావాలి. అది పదేళ్ల వయసు నుంచి కోర్టు, తిండి, కోచ్, ఫిజియో కలిసి తయారుచేసే ఒళ్లు.

మన దగ్గర ఆట తెలిసినవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. హైదరాబాద్ నుంచి ఎస్.పి. మిశ్రా దేశానికి డేవిస్ కప్ ఆడి, తర్వాత జట్టుకు కెప్టెన్‌గా పనిచేశారు. విష్ణువర్ధన్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పేస్ పక్కన ఆడాడు. సాకేత్ 2014 ఆసియా క్రీడల్లో సానియాతో స్వర్ణం గెలిచాడు. రిత్విక్ బొల్లిపల్లి 2024లో అల్మాటీలో, 2025లో చిలీలో ఏటీపీ డబుల్స్ టైటిళ్లు గెలిచాడు. వీటిలో చాలా వరకు డబుల్స్ విజయాలని గమనించాలి. సగం కోర్టు కాచుకునే ఆటలో మనం నిలబడగలుగుతున్నాం. సింగిల్స్‌లో అయిదు సెట్ల దూరం వచ్చేసరికి చతికిలబడుతున్నాం.

కడప జిల్లా పిల్లలకు ఇదంతా అందని విషయమనుకోవద్దు. ఆ ముగ్గురు మహావీరుల్లో ఒకడు మన పక్క జిల్లాకు వచ్చి వెళ్లాడు. 2010 అక్టోబరులో రఫేల్ నాదల్ అనంతపురం వచ్చి, ఆర్డీటీ క్రీడా గ్రామంలో తన ఫౌండేషన్ తరఫున టెన్నిస్ బడిని ప్రారంభించాడు. స్పెయిన్ నుంచి వచ్చి అనంతపురంలోనే స్థిరపడిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన సంస్థ ఆర్డీటీ. ఆ బడిలో పల్లెల పిల్లలకు టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు, మంచి తిండి కూడా ఇస్తారు. రాకెట్ కొనలేని ఇంటి బిడ్డ కోర్టులో అడుగుపెట్టడానికి ఏమేం కావాలో అక్కడ కళ్లారా చూడొచ్చు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బడుల్లో పనిచేసే పీఈటీ సార్లకు, మేడమ్‌లకు నా విన్నపం ఒక్కటే. ఒక ఆదివారం మీ పిల్లల్ని అనంతపురం తీసుకెళ్లండి. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఊళ్లలో క్లబ్బులు నడిపే పెద్దలారా, మీ ఆవరణలో టెన్నిస్ కోర్టు ఉంటే పొద్దున రెండు గంటలు బడి పిల్లలకు వదలండి. లేకుంటే ఒక సిమెంటు కోర్టు వేయించండి. నెట్, నాలుగు పాత రాకెట్లు, డబ్బాడు బంతులు ఉంటే ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.